పరాయివాడికి గొంతేదీ?

శత్రువును ఒక కథ ఎట్లా చూస్తున్నదో తెలుసుకోవాలంటే అతన్ని ఎన్నిసార్లు చంపారో లెక్కపెట్టాల్సిన పనిలేదు. అతనికి ఎన్ని మాటలిచ్చారో లెక్కపెడితే చాలు. మన పద్యనాటకాల్లో దుర్యోధనుడికి ధర్మరాజు కన్నా మంచి పద్యాలుంటాయి. జనం వన్స్‌మోర్ కొట్టేది కూడా ఆయన పద్యానికే. ఓడిపోతాడని అందరికీ తెలుసు. అయినా తన వాదన తాను వినిపించుకున్నాకే ఓడిపోతాడు. ఆ మర్యాద అన్ని కథలూ పాటించవు. కొన్ని కథల్లో శత్రువుకు నోరే ఉండదు. అట్లా నోరు లేకుండా తయారైన ఒక శత్రువు గురించి ఇక్కడ మాట్లాడదలిచాను.

ఆ శత్రువు పేరు థార్గాయిడ్. ఉండేది ‘ఎలైట్: డేంజరస్’ అనే అంతరిక్షపు ఆటలో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అనే కంపెనీ 2014 డిసెంబర్‌లో దాన్ని విడుదల చేసింది. ఇంటర్నెట్ మీద ఆడే ఆట. ఎక్కడెక్కడి మనుషులో ఒకే పాలపుంతలో తమ తమ ఓడలు నడుపుతుంటారు. ఆ పాలపుంతలో సుమారు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలున్నాయని లెక్క. సరుకు మోయొచ్చు, ఖనిజం తవ్వొచ్చు, దారి దోపిడీ చేయొచ్చు, ఏ పనీ లేకుండా తిరగనూవచ్చు. ఆట క్యాలెండర్ మనకన్నా 1286 ఏళ్ళు ముందు నడుస్తుంది. మన 2014 వాళ్ళకు 3300.

పిల్లల ఆట మీద సాహిత్య విమర్శేమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. నా భాంజా ఒకడు ముప్పై ఏళ్ళవాడు. రాత్రి పన్నెండు దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియని మనుషులతో కలిసి ఈ థార్గాయిడ్ల మీద యుద్ధం చేసి వస్తుంటాడు. వాడు చదివిన నవలలు నాకు తెలుసు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. శత్రువంటే ఎవరు, ఎట్లా ఉంటాడు, అతనితో ఏం చేయాలి అన్నది వాడికి నవల చెప్పలేదు. ఈ ఆట చెప్పింది. కథ ఎక్కడ చెప్పబడుతుంటే విమర్శ అక్కడికి పోవాలి. అది మన ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు.

థార్గాయిడ్లు కొత్తవాళ్ళేమీ కాదు. డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు 1984లో బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ‘ఎలైట్’ అనే మొదటి ఆట రాశారు. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసుకునే ఒక్క ఫోటోకు కూడా చాలదు. అంత ఇరుకు చోట్లో ఒక్కొక్క గెలాక్సీకి 256 గ్రహాల చొప్పున ఎనిమిది గెలాక్సీలు ఇమిడ్చారు. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఓడ దారి మధ్యలో ఆగిపోయేది. చుట్టూ ఏమీ లేని చీకటి. ఆ చీకట్లో ఎనిమిది పలకల ఓడలు. అవే థార్గాయిడ్లవి. ఎందుకు ఆపారో చెప్పరు. చెప్పే తీరికా లేదు, మెమరీలో జాగా కూడా లేదు.

ఆ ఆట వెంట వచ్చిన పుస్తకంలో థార్గాయిడ్లు పురుగు జాతి అని ఉంది. వాళ్ళ సిపాయిలకు భయం పుట్టించే గ్రంథులను కోసి తీసేశారని కూడా ఉంది. ఈ ఒక్క వివరం దగ్గర నేను చాలాసేపు ఆగాను. శత్రువుకు మాట లేకపోయినా భయం ఉంటే అతనూ మనలాంటి ప్రాణే అని చంపేవాడికి ఏదో ఒక క్షణాన తట్టవచ్చు. ఆ అవకాశం కూడా మిగల్చలేదు. ఇక రెండో వివరం వ్యాపారానికి సంబంధించింది. థార్గాయిడ్ పెద్ద ఓడ నుంచి థార్గన్లు అనే చిన్న ఓడలు బయటికొస్తాయి. పెద్ద ఓడను పేల్చేస్తే చిన్నవి దిక్కులేక తేలిపోతుంటాయి. వాటిని ఏరుకుని ‘పరాయి వస్తువులు’ అనే పద్దు కింద బజారులో అమ్ముకోవచ్చు. ఆటలో థార్గాయిడ్‌కు పేరుంది, ఆకారముంది, మార్కెట్ ధర కూడా ఉంది. మాట ఒక్కటే లేదు.

1984 నాటి ఆటను ఇందుకు తప్పుపట్టడం అన్యాయం. అప్పుడు స్థలం లేదు. 2014 తర్వాత స్థలానికి కొదవేముంది? అక్కడి నుంచే నా తగాదా.

తగాదాకు పోయేముందు భాష గురించి ఒక మాట. రెండు భాషల్లో బతికేవాడికి ఇటువంటి చోట్ల కాలు తట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఏలియన్ అనే పదం ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది. వేరే గ్రహంవాడికీ అదే, వేరే దేశంవాడికీ అదే. ఉర్దూలో అట్లా కుదరదు. అజ్నబీ అంటే ఇంకా పరిచయం కానివాడు. రేపు పరిచయం కావచ్చు. గైర్ అంటే మనవాడు కానివాడు. అజ్నబీ అనే మాటలో తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. గైర్ అనే మాటలో గడియ పెట్టి ఉంటుంది. తెలుగులో పరాయివాడు అన్నప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి. కానీ తెలుగుకు వేరే చిక్కుంది. థార్గాయిడ్లు ‘వచ్చారు’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా? ఉర్దూలో ‘వో’ అంటే మనిషైనా, పశువైనా, రాయైనా ఒకటే. తెలుగు వ్యాకరణం అంత సులువుగా వదలదు. నోరు తెరవగానే తీర్పు చెప్పించుకుంటుంది. నా భాంజా ‘అవి’ అంటాడు. నేను ‘వాళ్ళు’ అని రాస్తున్నాను. ఇది వ్యాకరణ దోషమని ఎవరైనా అంటే ఓడలు కట్టి, నక్షత్రాల మధ్య దారులు వేసి, చనిపోయిన తమ ఓడల దగ్గరికి తిరిగి వచ్చేవాళ్ళకు ‘అవి’ ఎట్లా సరిపోతుందో వాళ్ళే చెప్పాలి.

ఇక అసలు విషయం. ఈ ఆటలో గొప్పగా చెప్పుకోదగ్గ కాలం 2015 నుంచి 2017 మొదలుదాకా నడిచిన కాలం. అప్పుడు థార్గాయిడ్లు ఇంకా కనిపించలేదు. శూన్యంలో ఒకచోట ఒక వింత వస్తువు దొరికింది. ఆట దానికి ‘అజ్ఞాత వస్తువు’ అని మాత్రమే పేరు పెట్టింది. దగ్గరికి పోతే మూలుగుతున్నట్టు, గురక పెడుతున్నట్టు ఒక ధ్వని. ఏమిటది? కంపెనీ నోరు విప్పలేదు. ఆటగాళ్ళు ఆ ధ్వనిని రికార్డు చేసుకున్నారు. మళ్ళీ మళ్ళీ విన్నారు. అందులో కొన్ని టిక్కులు మోర్స్ కోడులా ఉన్నాయని ఎవరికో తోచింది. విప్పి చూస్తే దగ్గర్లో ఉన్న గ్రహం పేరో, నక్షత్రం పేరో వచ్చింది. అంతటితో ఆగలేదు. ఇంకా విప్పగా చుక్కలూ గీతలతో అల్లిన ఒక బొమ్మ బయటపడింది. అది విన్నవాడి ఓడ బొమ్మే! ఆ వస్తువు తన ముందు ఎవరు నిలబడితే వాళ్ళ రూపం గీసి ఎక్కడికో పంపుతున్నదన్నమాట.

మామూలు ఆటగాళ్ళు, పగలంతా ఆఫీసుల్లోనో, కాలేజీల్లోనో ఉండేవాళ్ళు, రాత్రిళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పరాయివాడి ధ్వనిని వారాల తరబడి విన్నారు. తుపాకీ పట్టుకోలేదు. తర్వాత ఇంకో వస్తువు దొరికింది. దాని ధ్వనిని చిత్రంగా మార్చి చూస్తే అందులో ఒక పటం కనిపించింది. ఆ పటం కృత్తికల వైపు, మెరోపీ అనే నక్షత్రం వైపు చూపించింది. కృత్తికలను అరబ్బీలో సురయ్యా అంటారు, ఫార్సీలో పర్వీన్ అంటారు. మన ఇళ్ళలో ఆడపిల్లలకు పెట్టుకునే పేర్లు. అవి చుక్కల పేర్లని చాలామందికి తెలియదు. మన కార్తీక మాసం పేరూ ఆ చుక్కల గుంపు నుంచి వచ్చిందే. ఆకాశంలో ఇన్ని భాషలు ముద్దుగా పిలుచుకున్న చోటు ఇంకొకటి ఉంటుందా? పరాయివాళ్ళు అక్కడే ఉంటున్నారని ఆట చెప్పింది. కావాలని చేశారో, యాదృచ్ఛికమో గాని ఎంపిక బాగుంది.

2017 జనవరి 5న ఒక ఆటగాడి ఓడ రెండు నక్షత్రాల మధ్య ఆగిపోయింది. 1984లో లాగానే. దీపాలు ఆరిపోయాయి. యంత్రాలు చచ్చుబడ్డాయి. చీకట్లోంచి పెద్ద పువ్వులాంటి ఓడ ఒకటి వచ్చింది. ఎనిమిది రేకులు. చుట్టూ తిరిగింది. వెలుగు వేసి నఖశిఖపర్యంతం చూసింది. వెళ్ళిపోయింది. అంతే. ఒక్క తూటా పేలలేదు. ఎవరూ చావలేదు. ఆ దృశ్యాన్ని వీడియోలో నేను చాలాసార్లు చూశాను. తలాషీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు అది అర్థం కావడానికి కష్టపడాల్సిన పనిలేదు. రాత్రిపూట నాకాబందీలో బండి ఆపి, హెడ్‌లైట్ ఆర్పమని, టార్చి మొహం మీద వేసి, డిక్కీ తెరవమన్నప్పుడు మనిషి ఎట్లా కూర్చుంటాడో ఆ ఆటగాడూ అట్లాగే కూర్చున్నాడు. తేడా అల్లా ఒక్కటే. ఇక్కడ తలాషీ ఇస్తున్నది మనుషులు. తీసుకుంటున్నది పరాయివాడు.

ఆ తర్వాత నెలల్లో ఆటగాళ్ళకు ఒక నియమం తెలిసొచ్చింది. ఓడలో థార్గాయిడ్ల వస్తువులు లేకుండా, వాళ్ళ పాత వైరులైన గార్డియన్ల వస్తువులు లేకుండా, తుపాకీ పేల్చకుండా ఎదురుపడితే వాళ్ళు చూసి తమ దారిన పోతారు. ఆ వస్తువులు ఉంటేనే వెంటపడతారు. కనీసం ఆ తొలి రోజుల్లో అదే ఆనవాయితీ. మరి ‘శత్రుజాతి’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? తన ఇంట్లో దొంగతనమైన సొత్తు ఎవరి సంచిలో ఉందో వెతికేవాడిని శత్రువంటారా?

దొంగతనం అన్నది నా అతిశయోక్తి కాదు. కృత్తికల దగ్గరి గ్రహాల మీద మొలిచే ముళ్ళ కాయల్లాంటి జీవుల నుంచి ‘మెటా-అల్లాయ్’ అనే లోహం దొరుకుతుందని 2016 జనవరిలో తేలింది. అవి థార్గాయిడ్లు నాటుకున్నవి. వాళ్ళ పంట అనుకోండి. మనుషులు పోయి కోసుకొచ్చారు. మంచి రేటు పలికింది. ఇంకోవైపు, ఆ అజ్ఞాత వస్తువులను స్టేషన్లలో ఎక్కువగా అమ్మితే స్టేషన్ యంత్రాలు పాడైపోతాయని తెలిశాక, కొందరు తమకు గిట్టని వాళ్ళ స్టేషన్లకు పనిగట్టుకుని మోసుకుపోయి అమ్మారు. పాడైన స్టేషన్‌కు మందు మళ్ళీ ఆ మెటా-అల్లాయే. అంటే రోగమూ పరాయివాడి సొత్తే, మందూ పరాయివాడి సొత్తే, మధ్యలో లాభం మనది. యుద్ధం ఇంకా మొదలు కాకముందు సంగతి ఇది.

ఇంకా వెనక్కి పోతే ఇంకా చీకటి. పాడుబడిన సైనిక స్థావరాలు కొన్నిటిని ఆటలో దాచిపెట్టారు. అక్కడ మిగిలిపోయిన ధ్వనిముద్రణలు వింటే ఒక పాత కథ బయటపడుతుంది. ఐఎన్‌ఆర్‌ఏ అనే మానవ సైనిక సంస్థ ఒకప్పుడు థార్గాయిడ్ల మీద మైకాయిడ్ అనే జీవాయుధం వదిలింది. థార్గాయిడ్లు అన్నేళ్ళు కనిపించకుండా పోయింది అందుకే. ఆ ఆయుధాన్ని మోసుకుపోయి వదిలినవాడు జేమ్సన్. తర్వాత ఆ సంస్థే వాడి ఓడ పాడుచేసి వాడినీ వదిలించుకుంది. ఈ జేమ్సన్ ఎవరనుకున్నారు? 1984 నాటి ఆట మొదలుపెట్టగానే ఆటగాడికి ఇచ్చే పేరు అదే. పేరు మార్చుకోని ప్రతివాడూ కమాండర్ జేమ్సనే. ముప్పై ఏళ్ళ కింద వీరుడిగా ఆడిన ప్రతి ఆటగాడితో, ‘ఆ విషం వదిలిన చేతులు నీవే, నీకు తెలియకుండా నిన్ను వాడుకున్నారు’ అని ఆట చెప్పింది. ఏ పెద్ద నవలాకారుడైనా ఈ మలుపుకు గర్వపడతాడు. కంపెనీని ఇందుకు మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

కానీ చూడండి, ఈ నిజం ఆటలో ఎక్కడుంది? ఎవరూ పోని గ్రహాల మీద, పాడుబడిన గదుల్లో, వెతికి పట్టుకున్నవాడికి మాత్రమే. నడి బజారులో ఉన్నది వేరే. ఆటలో గాల్‌నెట్ అనే వార్తాపత్రిక ఒకటి ఉంది. ఏ స్టేషన్‌లో దిగినా చదువుకోవచ్చు. వార్తలు రాయడం నా ఇరవై ఏళ్ళ వృత్తి. కనుక ఆ పత్రికను వృత్తి కళ్ళతోనే చదివాను. అందులో నౌకాదళం చెప్పింది ఉంటుంది. కంపెనీ ప్రతినిధి చెప్పింది ఉంటుంది. మూడు అగ్రరాజ్యాల మంత్రులు, సేనానులు చెప్పింది ఉంటుంది. మహా అయితే శాస్త్రవేత్త ఒకరు సందేహం వెలిబుచ్చుతారు. ‘వారి వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు’ అని మేం వార్త చివర ఒక వాక్యం తగిలిస్తాం. చాలాసార్లు మేం ప్రయత్నించి ఉండమని మాకు తెలుసు. గాల్‌నెట్‌కు ఆ మొహమాటపు వాక్యం రాయాల్సిన అవసరం కూడా లేదు. వివరణ ఇచ్చే నోరే లేని వర్గం గురించి రాయడం ఏ డెస్క్‌కైనా సుఖమే.

ఇక్కడొక మాట తేల్చుకోవాలి. ఇంతదాకా చదివిన మిత్రులు నేను ఏ గమ్యం వైపు పోతున్నానో ఊహించి ఉంటారు. థార్గాయిడ్లంటే మనమే అని రాసేస్తే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోతుంది. నాలుగు చప్పట్లు కూడా పడతాయి. కానీ అది అబద్ధం. థార్గాయిడ్లు స్టేషన్లు తగలబెట్టారు. 2017 డిసెంబర్‌లో కృత్తికల దగ్గర ఒరాకిల్ అనే స్టేషన్‌తో మొదలుపెట్టి చాలా చోట్ల మంటలు పెట్టారు. ఏ మైనారిటీకీ నక్షత్రాలను ముట్టడించే ఓడలు లేవు. మనల్ని మనం అంత బలవంతులుగా ఊహించుకోవడం, మన మీద కట్టే అబద్ధపు కథలనే ఇంకో రకంగా ఒప్పుకోవడం. పైగా, పోలిక పెట్టిన క్షణం నుంచి మనం థార్గాయిడ్లను చూడటం మానేసి అద్దం చూసుకుంటాం. నాకు కావలసింది ఆ పోలిక కాదు. ఒక జాతిని ‘అర్థం కానిది’ అని ప్రకటించడానికి ఏమేం పనులు చేయాల్సి ఉంటుందో, ఆ పనివాడితనం చూడాలని నా ఉద్దేశం. ఆటలో ఆ పనిముట్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. బయట ప్రపంచంలో అంత స్పష్టంగా దొరకవు.

మొదటి పనిముట్టు పేరు. ‘అజ్ఞాత వస్తువు’ కాస్తా తర్వాత ‘థార్గాయిడ్ సెన్సర్’ అయింది. తెలియదు అని ఒప్పుకున్న పేరు పోయి, శత్రువు నిఘా యంత్రమనే పేరు వచ్చింది. వాళ్ళ ఓడలకు మనుషులు పెట్టిన పేర్లు సైక్లాప్స్, బాసిలిస్క్, మెడూసా, హైడ్రా. అన్నీ గ్రీకు, యూరపు పురాణాల రాక్షసులు. వాటిలో మెడూసా, హైడ్రా చంపినందుకు వీరులు ప్రసిద్ధికెక్కిన రాక్షసులు. వాటిని కూల్చే తుపాకులకు ‘యాంటీ-జీనో’ అని పేరు. జీనోస్ అనే గ్రీకు మాటకు పరదేశి అని అర్థం, అతిథి అని కూడా అర్థం. తుపాకీ పేరుగా మారేటప్పుడు ఆ రెండో అర్థం రాలిపోయింది.

రెండో పనిముట్టు లెక్క. ఆ ఓడలకు గుండెలున్నాయి. సైక్లాప్స్‌కు నాలుగు, బాసిలిస్క్‌కు ఐదు, మెడూసాకు ఆరు, హైడ్రాకు ఎనిమిది. ఒక్కొక్క గుండెనూ గురిచూసి పగలగొట్టాలి. ఆటలో గుండె అనే అవయవం ఇంత వివరంగా ఉన్నది థార్గాయిడ్ ఓడలకే. మనుషుల ఓడలకు ఇంజన్లుంటాయి. అంటే వాళ్ళ ఓడలు ప్రాణమున్నవి, మనవి లేనివి. ఇంత పెద్ద విషయాన్ని ఆట ఒక గురి గుర్తుగా వాడుకుని వదిలేసింది. నా భాంజాను అడిగాను. నాలుగు గుండెలెందుకున్నాయంటావు అని. “నాలుగు రౌండ్లకు మామూ” అన్నాడు. వాడి తప్పు లేదు. ఆట వాడికి నేర్పిన జవాబు అదే.

2022 నాటికి యుద్ధం పూర్తిగా ముదిరింది. దానికి ముందు సాల్వేషన్ అనే మారుపేరుతో ఒక మనిషి తయారయ్యాడు. పేరే విమోచన. అసలు మనిషి అజిముత్ బయోటెక్ అనే కంపెనీకి చెందిన కేలబ్ వైచర్లీ. థార్గాయిడ్లను ఒక్క దెబ్బతో తుడిచిపెట్టే ఆయుధం ఉందన్నాడు. జనం నమ్మారు. ఆటగాళ్ళు సామగ్రి మోసి ఇచ్చారు. 2022 ఆగస్టులో హెచ్‌ఐపీ 22460 అనే చోట ఆయుధాన్ని పేల్చారు. అది ఎదురు తిరిగింది. అక్కడున్న మానవ నౌకాదళం నాశనమైంది. ఆ ఏడాది చివరికి ఎనిమిది మహానౌకలు మనుషుల ప్రాంతాల మీదికి వచ్చాయి. వాటిని టైటన్లన్నారు. పేర్లు తారానిస్, లీగాంగ్, ఇంద్ర, ఓయా, కోసిహో, థార్, రైజిన్, హదాద్. ప్రపంచంలోని ఎనిమిది జాతుల ఉరుముల దేవతలు! రాక్షసుల పేర్లు అయిపోయాక దేవతల పేర్లు పెట్టారు. భయం ఒక హద్దు దాటితే రాక్షసుడికీ దేవుడికీ తేడా ఉండదు కాబోలు. ఇంద్రుడి మీద యుద్ధానికి బయల్దేరిన తెలుగు కుర్రాళ్ళకు ఎవరికైనా నవ్వొచ్చిందో లేదో.

ఆ తర్వాత రెండేళ్ళు ఏం జరిగిందో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఎందుకంటే అందులో ఎక్కువ అర్థం లేదు. ప్రతి గురువారం పటం మారేది. ఏ నక్షత్రం వాళ్ళ చేతికి పోయింది, ఏది మనకొచ్చింది, ఎంత శాతం మిగిలింది. ఆటగాళ్ళు ఎగబడి శాతాలు నింపారు. 2015లో చెవులు రిక్కించి విన్న అదే మనుషులు 2023లో శాతం పట్టీ చూసుకుని నిద్రపోయారు. రహస్యం చచ్చిపోయింది. పని మిగిలింది. 2024లో టైటన్లను ఒక్కొక్కటే పేల్చేశారు. చివరిదైన కోసిహో ఆ ఏడాది డిసెంబర్‌లో మన సూర్యుడి దగ్గరికే వచ్చి ఇక్కడే పేలిపోయింది.

ఒక మంచి సంగతి దాచకూడదు. మండుతున్న స్టేషన్లలోకి తుపాకులు విప్పేసిన ఓడలతో దూరి, చిక్కుకున్న జనాన్ని మోసుకొచ్చిన ఆటగాళ్ళు చాలామంది. పొగ, శిథిలాలు, వేడికి కరిగే సొంత ఓడ. టైటన్లు ఎత్తుకుపోయిన మనుషులను కూడా గుళికల్లోంచి విడిపించి తెచ్చారు. అందులో పేరు కన్నా సేవ ఎక్కువ. ఆటలో ప్రాణం కాపాడటానికి ఒక మీట ఉంటే జనం దాన్ని నొక్కుతారని తేలింది.

నా వాదన సరిగ్గా ఇదే. ఆటకు నీతి ఉండేది దాని కథలో కాదు, మీటల్లో. కాల్చడానికి మీట ఉంది. మోయడానికి ఉంది. అమ్మడానికి, తవ్వడానికి, రక్షించడానికి, పారిపోవడానికి ఉన్నాయి. మాట్లాడటానికి లేదు. పదేళ్ళలో థార్గాయిడ్ నోటి నుంచి నేరుగా మనకు అర్థమయ్యే వాక్యం ఒక్కటి రాలేదు. కాల్చకూడదనుకున్న ఆటగాళ్ళూ ఉన్నారు. థార్గాయిడ్ల పక్షం నిలబడతామన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చేతిలో ఉన్న ఏకైక సాధనం కాల్చకపోవడం. కాల్చకపోవడాన్ని ఆట లెక్కలోకి తీసుకోదు. గురువారం నాటి శాతాల్లో శాంతికి పద్దు లేదు. కథలో అపరాధం మనుషులదే అని గదుల మూలల్లో రాసి పెట్టి, చేతికి మాత్రం తుపాకీ ఇచ్చారు. పశ్చాత్తాపం గ్రంథాలయంలో, రోజువారీ బతుకు తుపాకీ గురిలో. ఇది లౌకిక సమాజాలకు బాగా అలవాటైన ఏర్పాటే.

దీనికి సమర్థకులు ఒక జవాబు చెబుతారు. మాట్లాడిస్తే రహస్యం పోతుందట. పరాయితనమంతా వాళ్ళ ఖామోషీలోనే ఉందట. వినడానికి బాగుంది. 1961లో పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ రాసిన ‘సొలారిస్’ నవలలో గ్రహమంతా పరుచుకున్న ఒక సముద్రం ఉంటుంది. అది ప్రాణి. చివరిదాకా అది ఒక్క మాట మాట్లాడదు. శాస్త్రజ్ఞులు తరతరాలుగా దాని మీద గ్రంథాలు రాస్తారు, ఏమీ తేలదు. కానీ ఆ నవలలో ఓడిపోయేది మనిషి అహంకారం. మౌనం చూసి మనిషి తనలోకి చూసుకోక తప్పదు. ఎలైట్‌లో మౌనానికి ఆ పని అప్పజెప్పలేదు. శత్రువు మాట్లాడడు కాబట్టి కాల్చవచ్చు అనే సౌకర్యంగా అది మిగిలింది. మౌనం ఒకటే, వాడకం వేరు. పైగా ఇదే వరసలో 1995లో వచ్చిన ‘ఫ్రాంటియర్: ఫస్ట్ ఎన్‌కౌంటర్స్’ ఆటలో కథను చివరిదాకా తీసుకుపోయినవాడి చేతికి థార్గాయిడ్ ఓడే వచ్చేది. పరాయివాడి ఓడలో కూర్చుని పాలపుంతను చూడగలిగేవాడు. దానితో రహస్యమేమీ చచ్చిపోలేదు. ముప్పై ఏళ్ళ కింద, అంత చిన్న యంత్రాల మీద సాధ్యమైంది ఇప్పుడెందుకు కాలేదు?

సమాధానం వ్యాపారంలో ఉందని నా అనుమానం. సంధి ఒకసారి కుదిరితే అయిపోతుంది. యుద్ధం ప్రతి గురువారం కొత్తది. వేలమందిని రాత్రిళ్ళు ఒకచోట చేర్చాలంటే అందరికీ కలిపి ఒక దుష్మన్ కావాలి. అతను కూడా వచ్చే నెలకు పనికొచ్చేలా ఉండాలి. అర్థమైపోయిన శత్రువు అట్లా పనికిరాడు.

2024లో పేలిపోయిన టైటన్ల శిథిలాల్లో వాటి ఇంజన్ ముక్కలు తేలుతూ దొరికాయి. ఆటగాళ్ళు పోయి ఏరుకొచ్చారు. అవి పట్టుకుపోయి ఇస్తే మునుపటికన్నా వేగంగా పోయే ఇంజన్ బిగించుకోవచ్చు. నా భాంజా బిగించుకున్నాడు. చాలా బాగుందట.